ప్రిపొజిషన్లను విడిగా బట్టీ పట్టించకండి

సంపాదకుల వారికి,

మీ విద్యా పేజీలో ఇంగ్లిష్ ప్రిపొజిషన్ల మీద వస్తున్న శీర్షికను మా సెంటర్‌కు వచ్చే పిల్లలు ఫోన్లో ఫొటో తీసుకుని మరీ దాచుకుంటున్నారు, అందుకే ఈ ఉత్తరం. ఆన్ అంటే మీద, ఇన్ అంటే లోపల, ఫర్ అంటే కోసం, విత్ అంటే తో అని పట్టిక వేసి ఇస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, ఆ పట్టికే వీళ్ల కొంప ముంచుతోంది.

నేను నల్లగొండలో జిరాక్స్, డీటీపీ సెంటర్ నడుపుతాను. కలెక్టరేట్‌కు ఇచ్చే అర్జీలు, బ్యాంకు ఉత్తరాలు, ప్రైవేటు స్కూళ్లలో టీచర్ పోస్టులకు బయోడేటాలు, ఇవన్నీ టైప్ చేయించుకోడానికి దేవరకొండ నుంచి, హాలియా నుంచి, నకిరేకల్ నుంచి డిగ్రీ పిల్లలు వస్తుంటారు. స్పెల్లింగ్ తప్పులు ఇప్పుడు పెద్దగా ఉండవు, ఫోనే దిద్దేస్తుంది. టెన్సులూ ఫర్వాలేదు. తడబడేదల్లా ఈ రెండక్షరాల మాటల దగ్గరే. మొన్న ఒకమ్మాయి తెచ్చిన దరఖాస్తులో పైన సబ్జెక్టు దగ్గర 'రిక్వెస్ట్ ఫర్ ఇష్యూ ఆఫ్ డూప్లికేట్ మెమో - రెగ్' అని శుభ్రంగా ఉంది, కిందికొచ్చేసరికి 'ఐ రిక్వెస్ట్ ఫర్ యూ టు ఇష్యూ' అని రాసింది. ఫర్ కొట్టేస్తుంటే "పైన పెట్టినప్పుడు కింద ఎందుకు పెట్టొద్దన్నా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే కదా. పైన ఉన్న రిక్వెస్ట్ నామవాచకం, దానికి ఫర్ కావాలి. కింద ఉన్నది క్రియ, అది నేరుగా మనిషినే పట్టుకుంటుంది. ఫర్ అంటే కోసం అని ఎన్నిసార్లు చదివినా ఈ తేడా తెలియదు, ఎందుకంటే తేడా ఫర్‌లో లేదు, రిక్వెస్ట్‌లో ఉంది.

ఇలాంటివి ఒకటీ రెండూ కావు. డిమాండ్ ఫర్ వాటర్ అంటాం, కానీ వాళ్లు నీళ్లు డిమాండ్ చేస్తే దే డిమాండ్ వాటర్, అంతే. ఆన్సర్ టు ద క్వశ్చన్, కానీ ఆన్సర్ ద క్వశ్చన్. ఎంఫసిస్ ఆన్, కానీ ఎంఫసైజ్ పక్కన ఏమీ ఉండదు. ఎంటర్ మరీ తిప్పలు పెడుతుంది: ఎంటర్ ద రూమ్ అనాలి, ఇంటు పెడితే తప్పు, కానీ మేం రోజూ టైప్ చేసే ఇంటి కిరాయి అగ్రిమెంట్లలో మొదటి లైనే 'మేడ్ అండ్ ఎంటర్డ్ ఇంటు' అని ఉంటుంది, అక్కడ ఇంటు లేకపోతే తప్పు. గదిలోకి పోవడం వేరు, ఒప్పందం చేసుకోవడం వేరు.

ఇక డిస్కస్ అబౌట్. దీన్ని చూసి నవ్వే లెక్చరర్లున్నారు. నవ్వాల్సిన పని లేదు. బడిలో మనందరం నిన్, నున్, లన్, కూర్చి, గురించి ద్వితీయా విభక్తి అని వల్లె వేసినవాళ్లమే, 'గురించి' మనకు నిన్, నున్‌ల వరసలోనే కూర్చుంది. సమస్య గురించి చర్చించారు అని పుట్టినప్పటి నుంచి వింటున్న పిల్ల డిస్కస్ పక్కన అబౌట్ పెట్టిందంటే తెలుగు బాగా వచ్చని అర్థం. ఇంగ్లిష్‌లో డిస్కషన్‌కు అబౌట్ పెట్టొచ్చు, డిస్కస్‌కు వద్దు అని ఎవరో ఒకరు చెప్పాలిగా.

యాంగ్రీ ఆన్ మీ, మ్యారీడ్ విత్, గుడ్ ఇన్ మ్యాథ్స్ కూడా అక్కణ్నుంచే వస్తాయి: నా మీద కోపం, ఆయనతో పెళ్లి, లెక్కల్లో దిట్ట. ఇంగ్లిష్ వాళ్లేమో యాంగ్రీ విత్ మీ, మ్యారీడ్ టు, గుడ్ ఎట్ అంటారు. ఒక్కోసారి మన మాట, వాళ్ల మాట సరిగ్గా కలుస్తాయి కూడా. వాన మీద ఆధారపడ్డాం అంటే డిపెండ్ ఆన్, జీతం పెంచాల్సిందేనని దాని మీద పట్టుబడితే ఇన్‌సిస్ట్ ఆన్. ఇలా కలిసినవి చూసే పిల్లలు పట్టికను నమ్ముతారు, అదే అసలు చిక్కు.

క్రియ, ప్రిపొజిషన్ కలిసి కొత్త అర్థం పుట్టేచోట పట్టిక అసలే పనికిరాదు. 2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది గుర్తుందా, పిలుపునిచ్చారు అనడానికి కాల్డ్ ఫర్, విరమించారు అనడానికి కాల్డ్ ఆఫ్. కాల్ అంటే పిలవడం అని మాత్రమే తెలిసిన కుర్రాడికి సమ్మె మొదలైందో అయిపోయిందో ఎట్ల తెలుస్తుంది?

ఇంగ్లిష్‌కు లాజిక్కే లేదు, బట్టీ కొట్టాల్సిందే అనేవాళ్లతో కూడా నేను ఒప్పుకోను. కొన్ని గుంపులుగా ఉంటాయి. ప్రివెంట్, ప్రొహిబిట్, ప్రొటెక్ట్, అడ్డుపెట్టే, కాపాడే మాటలు కాబట్టి మూడింటికీ ఫ్రమ్ వస్తుంది. గుంపుగా చెబితే గుర్తుంటాయి. కొన్నిచోట్ల ఇంగ్లిష్ వాళ్లకే ఏకాభిప్రాయం లేదనుకోండి, నిర్ణయాన్ని వ్యతిరేకిస్తే అమెరికాలో ప్రొటెస్ట్ ద డెసిషన్ అని రాస్తారు, బ్రిటన్‌లో ప్రొటెస్ట్ అగైనెస్ట్ అంటారు. అలాంటి వాటికి మార్కులు కోసి పిల్లలను టెన్షన్ పెట్టడం అన్యాయం.

నేర్చుకునేవాళ్ల ఇబ్బంది ఇది అని తెలిసినవాళ్లు ఎప్పుడో దారి చూపించారు. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన హార్న్‌బీ అనే ఆయన 1942లో అక్కడ తెచ్చిన నిఘంటువులో ఏ క్రియ ఏ పద్ధతిలో వాక్యంలో కూర్చుంటుందో చూపించాడు, ఆ తర్వాత ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసం వచ్చిన లెర్నర్స్ డిక్షనరీలు ఆ బాటే పట్టాయి. ఇవాళ అవి ఫోన్లోనే దొరుకుతాయి. మాట కొట్టి అర్థం చూసి మూసేయకుండా కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం దాకా చూడమని చెప్పేవాళ్లే కరువు. మన సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలిచ్చారు. మన 'గురించి' అనే మాట ఎక్కడ పోయిందో, మన 'మీద' అనే మాట ఎక్కడ విత్ అయిందో పక్కపక్కనే చూపించడానికి అంతకంటే సులువైన సాధనం ఏముంటుంది? నాకు తెలిసిన పిల్లలు మాత్రం ఇంగ్లిష్ అర్థం కానప్పుడు తెలుగు చదువుకోడానికే దాన్ని వాడుతున్నారు.

కాబట్టి నా విన్నపం, ఆ పట్టిక ఆపేసి వారానికి ఒక్క మాట తీసుకోండి. అప్లై అనుకోండి: పోస్టుకైతే ఫర్, ఆఫీసుకైతే టు, అప్లికేషన్ అయినా అంతే. ఇలాంటివి చిన్న చిన్న వాక్యాల్లో, అదీ మనవాళ్లు నిజంగా రాసే అర్జీల్లోంచి, సెలవు చీటీల్లోంచి తీసి వేయండి. తప్పు వాక్యాలు కావాలంటే మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి, పేర్లు, ఊర్లు తీసేసి నేనే పంపిస్తాను.

ఇట్లు
ఒక డీటీపీ సెంటర్ నిర్వాహకుడు,
నల్లగొండ