నగర నిర్మాణాలకు సొంత డిజైన్ బృందం ఉండాలి

సంపాదకుడు గారికి,

అయ్యా,

అమరావతి పనులు 2025 మే నెలలో పునఃప్రారంభమైనప్పటి నుంచి టెండర్లు, కాంట్రాక్టు సంస్థలు, రుణాలు, గడువుల గురించి పత్రికల్లో వివరంగా చదువుతున్నాం. ఆ కట్టడాల డ్రాయింగులను ప్రభుత్వం తరఫున ఎవరు సరిచూస్తున్నారు, మార్పు చేయాల్సి వస్తే చివరి మాట ఎవరిది అన్న చర్చ మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. మున్సిపల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైన నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

నేను పనిచేసిన ఒక పట్టణంలో మార్కెట్ సముదాయం కట్టారు. ఆర్కిటెక్టు ఒక సంస్థ, స్తంభాలు, బీముల బలం లెక్కగట్టే స్ట్రక్చరల్ డిజైన్ ఇంకొకరిది, ప్లంబింగు, కరెంటు పనుల డ్రాయింగులు మూడో చోటి నుంచి వచ్చేవి. చేపల విభాగం నుంచి మురుగునీరు పోవాల్సిన పైపుకు మొదటి అంతస్తు బీము అడ్డొచ్చింది. స్ట్రక్చరల్ డ్రాయింగు అప్పటికి రెండుసార్లు మారిందనీ, ప్లంబింగు వాళ్ల దగ్గరున్నది పాత ప్రతి అనీ అప్పుడు గాని తేలలేదు. ఎవరిని అడగాలో తెలియక మేస్త్రీ బీము అడుగు భాగాన్ని కొట్టించి పైపు వేయించాడు. బీముకు బలమిచ్చే ప్రధాన కడ్డీలు నడిమి భాగంలో ఉండేది ఆ అడుగునే. కడ్డీలు బయటపడ్డాక పని ఆపించి, బీముకు జాకెటింగ్ (చుట్టూ కొత్త కడ్డీలు, కాంక్రీటుతో తొడుగు) చేయించి, పైపును పక్కనుంచి మళ్లించడానికి నెలలు పట్టింది, ఆ ఖర్చంతా మున్సిపాలిటీ మీదే పడింది. మేస్త్రీని తప్పుపట్టి ప్రయోజనం లేదు. మూడు రకాల డ్రాయింగులను ఒకే బల్ల మీద పరిచి సరిచూసే బాధ్యత ఏ ఒప్పందంలోనూ ఎవరికీ అప్పగించలేదు.

చండీగఢ్ నగర నిర్మాణం అనగానే విదేశీ ఆర్కిటెక్టు లే కార్బూజియే పేరు చెబుతాం. ఆయన ఒప్పందం మాత్రం ఏడాదికి రెండుసార్లు వచ్చి నెల రోజుల చొప్పున ఉండి వెళ్లడానికే. మిగతా కాలమంతా అక్కడే మకాం వేసి పని నడిపించింది ఆయన బంధువు పియరీ జెన్నెరె, తొలి మూడేళ్లు బ్రిటిష్ ఆర్కిటెక్టులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ, వారితో కలిసి పనిచేసిన ఎం.ఎన్. శర్మ, ఆదిత్య ప్రకాశ్, ఊర్మిళా యూలీ చౌదరి వంటి మన యువ ఆర్కిటెక్టులు. చీఫ్ ఇంజినీరు పి.ఎల్. వర్మ మొదటి నుంచీ ఆ ప్రాజెక్టులోనే ఉన్నారు. 1965లో జెన్నెరె వెళ్లిపోయాక శర్మ చీఫ్ ఆర్కిటెక్టు బాధ్యత తీసుకున్నారు. పెద్ద పేర్లు వెళ్లిపోయినా అక్కడి ఆర్కిటెక్టుల కార్యాలయం నిలిచింది కాబట్టే పని సాగింది. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టేటప్పుడు కూడా నిజాం ప్రభుత్వం ముందు తన ఆర్కిటెక్టు జైన్ యార్ జంగ్‌ను, ఇంజినీరు సయ్యద్ అలీ రజాను విదేశాల్లో విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. బెల్జియం ఆర్కిటెక్టు జాస్పర్‌ను పిలిచింది ఆ తర్వాతే. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ఆ పద్ధతికి సాక్ష్యం.

ఇప్పుడు మన దగ్గర జరుగుతున్నది వేరు. అమరావతి ప్రభుత్వ సముదాయానికి 2016లో మొదట జపాన్‌కు చెందిన మాకీ సంస్థను ఎంపిక చేసి, తర్వాత బ్రిటన్‌కు చెందిన ఫోస్టర్ సంస్థను తెచ్చుకున్నాం. 2019 తర్వాత పనులే ఏళ్ల తరబడి ఆగాయి. ఇన్ని మార్పుల నడుమ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో గుర్తుంచుకునే మనుషులు రాజధాని నిర్మాణం చూసే ప్రభుత్వ సంస్థ సీఆర్‌డీఏలోనే ఉండాలి. కన్సల్టెంట్లు తమ ఫైళ్లతో వెళ్లిపోతారు. మిగతా పట్టణాల సంగతి ఇంకా కష్టం. రాష్ట్రాల పట్టణ ప్రణాళిక విభాగాలకు 12 వేలకు పైగా ప్లానర్లు అవసరం కాగా, మంజూరైన పోస్టులు 4 వేల లోపేననీ, వాటిలోనూ దాదాపు సగం ఖాళీ అనీ 2021లో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది.

అందుచేత రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ నా విన్నపం ఇది. ప్రతి నగరపాలక సంస్థలోనూ ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజినీరు, నీరు, విద్యుత్తు, రోడ్డు పనులు తెలిసినవారు, ఎస్టిమేట్లు వేసేవారు ఒకే గదిలో కూర్చొని పనిచేసే శాశ్వత బృందం ఉండాలి. దానికి ఒక్కరే అధిపతిగా ఉండాలి, ఆయన లేదా ఆమె సంతకం లేనిదే ఏ డ్రాయింగూ సైటుకు వెళ్లకూడదు. ప్రాజెక్టు పూర్తయ్యే దాకా ఆ వ్యక్తిని బదిలీ చేయకూడదు; నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మధ్యలో జరిగే బదిలీలే. పెద్ద కట్టడాలకు బయటి సంస్థలను తప్పకుండా పిలవవచ్చు, కానీ వాటిని తక్కువ ఫీజు చూసి కాక, చేసిన పని చూసి ఎంచుకోవాలి. డ్రాయింగు మారిన ప్రతిసారీ తేదీ, కారణం, పాత ప్రతి ఎవరెవరి నుంచి వెనక్కి తీసుకున్నారన్న వివరం ఒక రిజిస్టరులో రాయాలి. డిజైనరు వారానికి ఒకసారైనా సైటుకు రావాలన్న షరతు ఒప్పందంలో పెట్టి, ఫీజులో చివరి వాయిదాను ఆ భవనం ఒక వర్షాకాలం గడిచి, లోపాలు సరిచేశాకే చెల్లించాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత మున్సిపల్ ఇంజినీరు,
విజయవాడ