కిడ్నీలో సిస్ట్ ఉందంటే సరిపోదు, గ్రేడ్ కూడా రాయాలి

ఎడిటర్ గారికి నమస్తే అండి,

మీ హెల్త్ పేజీలో కిడ్నీ రాళ్ల గురించి చాలాసార్లు చదివా, కిడ్నీలో వచ్చే నీటి బుడగల (సిస్ట్‌ల) గురించి మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కడుపునొప్పి అని వెళ్లినా, చెకప్ అని వెళ్లినా అల్ట్రాసౌండ్ తీస్తున్నారు, యాభై దాటినోళ్లలో చాలామందికి సిస్ట్ కనపడుతుంది. పల్చటి గోడ, లోపల నీళ్లే ఉంటే భయమే లేదు. గోడ మందంగా ఉండి లోపల అడ్డుపొరలు గానీ గడ్డలాంటిది గానీ ఉండి, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి తీసిన సీటీలో అవి వెలిగితే అప్పుడు క్యాన్సర్ అనుమానించాలి.

దీనికి బోస్నియాక్ అనే రేడియాలజిస్టు 1986లోనే గ్రేడింగ్ పెట్టారు, 2019లో సవరించారు కూడా. 1, 2 అయితే వదిలేయొచ్చు, 2కీ 3కీ మధ్యలో ఉండే 2ఎఫ్ అయితే ఆర్నెల్లకి, ఏడాదికి, తర్వాత ఏటా ఒకసారి ఐదేళ్ల దాకా స్కాన్ చేయించుకోవాలి, 3 అయితే ఇంచుమించు సగం మందిలో, 4 అయితే పదిమందిలో తొమ్మిదిమందిలో క్యాన్సర్ తేలుతుంది.

మరి రిపోర్టుల్లో ఇది ఎందుకు రాయరండీ? మా మావయ్యగారి రిపోర్టులో కాంప్లెక్స్ సిస్ట్ (అంటే మామూలు నీటి బుడగ కాదని) అని రెండు ముక్కలు, అంతే. చుట్టాల్లో సగం మంది ఏం కాదన్నారు, ఒక డాక్టర్ గారేమో సీటీ కూడా తీయించకుండానే కిడ్నీ మొత్తం తీసేద్దామన్నారు. ఇంకో యూరాలజిస్టు సీటీ చూసి గ్రేడ్ 3 అని చెప్పి, ఆ బుడగ ఉన్న భాగం వరకే కోసి మిగతా కిడ్నీ కాపాడారు. ఆయనకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, ఆ మిగిలిన కిడ్నీ ఎంత అవసరమో ఆలోచించండి!

ముక్క తీసి టెస్టు చేస్తే తేలిపోదా అని మేమూ అడిగాం. బుడగలో కణాలు తక్కువ కాబట్టి క్యాన్సర్ లేదని వచ్చినా నమ్మలేం అన్నారు. ఇంకోటి, ఈ రకం క్యాన్సర్ గట్టి గడ్డలా వచ్చే దానికన్నా సాధారణంగా మెల్లగా పెరుగుతుంది, అందుకే బాగా పెద్దవాళ్లకి, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకి స్కాన్లతో కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక దారే.

కాబట్టి సీటీ తీసిన ప్రతి సెంటర్ వాళ్లూ రిపోర్టులో గ్రేడ్ రాయాలి, రాయకపోతే జనం అడిగి రాయించుకోవాలి. ఆపరేషన్ అన్నప్పుడు కొంత భాగమే తీస్తే సరిపోతుందా అని కూడా అడగాలి. మీరు ఒక మంచి యూరాలజిస్టుతో దీని మీద ఫుల్ పేజీ రాయించండి, ప్లీజ్.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం