నంద్యాల మెజారిటీ గురించి రాసేవారు నంద్యాల ఖాళీ గురించీ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా జూన్ 28న పీవీ నరసింహారావు గారి జయంతికి పత్రికల్లో మా నంద్యాల పేరు కనిపిస్తుంది. 1991 నవంబరు ఉప ఎన్నికలో ఆయనకు వచ్చిన 5 లక్షల 80 వేల మెజారిటీని గుర్తు చేస్తారు. ఆ మెజారిటీలో నా ఓటు కూడా ఉంది. ప్రధానమంత్రికి ఓటేస్తున్నామని మా ఇంటిల్లిపాదీ పొద్దున్నే తయారై బడి ముందు లైన్లో నిలబడ్డాం. కొన్ని నెలల క్రితమే గెలిచిన గంగుల ప్రతాపరెడ్డి గారు ఆయన కోసం సీటు వదులుకున్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ గారు తెలుగుదేశం అభ్యర్థినే నిలపలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ గారు పోటీ చేశారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో పార్టీ గురించి ఎవరూ మాట్లాడలేదు, అందరిదీ ఒకటే మాట, 'మన పీవీ'.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరూ రాయరు. 1996 ఎన్నికల్లో పీవీ గారు నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురంలోనూ నామినేషన్ వేశారు. రెండు చోట్లా గెలిచారు. ఒకరు ఒక్క సీటే ఉంచుకోవాలి కాబట్టి బరంపురం ఉంచుకుని నంద్యాల వదిలేశారు. బరంపురంలోనూ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆయన్ని గెలిపించిన మేము మళ్ళీ ఓటేయాల్సి వచ్చింది. ఆ ఉప ఎన్నికలో, సాధారణ ఎన్నికల్లో ఆయన చేతిలో ఓడిన భూమా నాగిరెడ్డి గారే గెలిచారు. లెక్క చూడండి. 1991లో రెండుసార్లు, 1996లో రెండుసార్లు, ఒకే లోక్‌సభ సీటుకు మా వేలికి నాలుగుసార్లు సిరా పడింది. మధ్యలో 1994 అసెంబ్లీ ఎన్నికలు వేరే.

1977లో కూడా ఇక్కడ సీటు ఖాళీ అయింది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గారిని గెలిపించింది ఒక్క నంద్యాలే. ఆయన స్పీకరయ్యారు, అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. ఆ ఖాళీకి మేము గర్వపడ్డాం. దానికీ, ముందే రెండు చోట్ల నిలబడి ఒకటి వదిలేయడానికీ చాలా తేడా ఉంది.

నేను పీవీ గారిని తక్కువ చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆయన ఎన్నికల చరిత్ర మొత్తం చూస్తే ఒకే మనిషి రెండు సీట్లలో పోటీ చేసే పద్ధతి ఎందుకు అక్కర్లేదో అందులోనే తెలుస్తుంది. 1957 నుంచి మంథనిలో వరసగా నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆ జనమే ఆయన్ని ముఖ్యమంత్రి స్థాయికి తెచ్చారు. 1977, 1980లో హనుమకొండ ఎంపీ. 1984 డిసెంబరులో ఆయన దేశానికి హోంమంత్రి. ఇందిరా గాంధీ గారి హత్య తర్వాత సానుభూతితో దేశమంతా కాంగ్రెస్‌కు ఓట్లేసినా, హనుమకొండ ఓటర్లు దాదాపు 54 వేల ఓట్ల తేడాతో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి గారిని గెలిపించారు. అప్పుడు దేశం మొత్తంలో బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు, అందులో ఒకటి ఇది. హోంమంత్రిని ఓడించడం అంటే మామూలు తీర్పు కాదు. కానీ పీవీ గారు మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నిలబడి గెలిచారు. ఏడాది మారేలోపే రక్షణ మంత్రి అయ్యారు. హనుమకొండ ఓటరు చెప్పిన మాటకు ఢిల్లీలో విలువ లేకుండా పోయింది.

పెద్ద నాయకుడు ఒక చోట ఓడిపోతే దేశం నష్టపోదా అని కొందరు అడుగుతారు. దానికి జవాబు కూడా పీవీ గారి చరిత్రలోనే ఉంది. 1991 సాధారణ ఎన్నికల్లో ఆయన అసలు పోటీయే చేయలేదు. రాజకీయాల నుంచి తప్పుకుందామనుకున్న మనిషి, రాజీవ్ గాంధీ గారి హత్య తర్వాత జూన్ 21న ప్రధాని అయ్యారు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆరు నెలల్లోపు ఎన్నికైతే చాలని రాజ్యాంగం అవకాశం ఇచ్చింది. ఎంపీ కాకుండానే ప్రధాని కాగలిగినప్పుడు ఇంకో సీటు ముందు జాగ్రత్త ఎందుకు? రాజ్యసభ ఎలాగూ ఉంది.

ఇది ఒక్క పార్టీ తప్పు కాదు. 1980లో ఇందిరా గాంధీ గారు మెదక్, రాయ్‌బరేలీ రెండూ గెలిచి మెదక్ ఉంచుకున్నారు. 1985లో ఎన్టీఆర్ గారు గుడివాడ, నల్లగొండ, హిందూపురం మూడూ గెలిచి రెండు వదిలారు. 2014లో మోదీ గారు వడోదర, 2024లో రాహుల్ గాంధీ గారు వయనాడ్ వదిలేశారు. 2023లో కేసీఆర్, రేవంత్ రెడ్డి గార్లు ఇద్దరూ సొంత సీటుతో పాటు కామారెడ్డిలో నిలబడ్డారు. అక్కడ ఇద్దరూ ఓడారు కాబట్టి ఉప ఎన్నిక తప్పింది.

ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని 1996లో సవరించి ఒకరి పోటీని రెండు సీట్లకు పరిమితం చేశారు. 2004లో ఎన్నికల సంఘం ఒక్కటే సీటు ఉండాలని, లేదంటే సీటు వదిలేవారి నుంచి అసెంబ్లీకైతే 5 లక్షలు, లోక్‌సభకైతే 10 లక్షలు వసూలు చేయాలని కోరింది. 2015లో లా కమిషన్ కూడా ఒక్క సీటే అంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని పిటిషన్ కొట్టేసింది. తేల్చాల్సినవాళ్ళేమో రెండేసి సీట్లలో పోటీ చేసేవాళ్ళు.

ఉప ఎన్నిక అంటే ఖర్చు ఒక్కటే కాదు. టీచర్లు పాఠాలు ఆపి పోలింగ్ డ్యూటీకి వెళ్తారు. కోడ్ వచ్చిందని కొత్త పనులు ఆగుతాయి. కొత్త ఎంపీ వచ్చేదాకా రైల్వే గేటు గురించో, కాలువ నీళ్ళ గురించో ఢిల్లీలో అడిగే మనిషి ఉండడు. 1996లో మేము అలా నెలల తరబడి ఉన్నాం.

చట్టం మార్చడానికి పార్టీలు ఒప్పుకోకపోతే కనీసం ఒక పని చేయొచ్చు. రెండు చోట్ల నామినేషన్ వేసేవారు, రెండూ గెలిస్తే ఏది ఉంచుకుంటారో అఫిడవిట్‌లోనే రాసి సంతకం పెట్టాలి. వదిలేసే సీటు ఉప ఎన్నిక ఖర్చు మొత్తం వాళ్ళ పార్టీయే కట్టాలి. 2004లో చెప్పిన 10 లక్షలు ఈ రోజుల్లో ఏ మూలకూ సరిపోవు. నంద్యాలలో ఓట్లడిగే ముందు 'నేను బరంపురమే ఉంచుకుంటాను' అని పీవీ గారు కాగితం మీద రాసి ఉంటే, మా నాన్న ఆయనకే ఓటేసేవారేమో. కానీ తెలిసి వేసేవారు.

వచ్చే జయంతికి మీ పత్రిక 5 లక్షల 80 వేల మెజారిటీ పక్కన 1996 ఉప ఎన్నిక సంగతి కూడా వేయాలని, రెండు చోట్ల నిలబడితే ఏది ఉంచుకుంటారో ముందే రాసిస్తారా అన్న ఒక్క ప్రశ్న మన రాష్ట్రాల ఎంపీలందరినీ అడిగి వాళ్ళ జవాబులు పేర్లతో సహా అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఓటరు, నంద్యాల