పాత నంబరు ప్లేటును తుక్కుతో పాటు తూకానికి ఇవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

నేను విజయనగరంలో మూడు లాంతర్లకు దగ్గర్లో కూర్చుని నంబరు ప్లేట్లు రాసే పెయింటర్ని. 1991లో మా మేనమామ దగ్గర బ్రష్ పట్టాను. అప్పట్లో సొంత బళ్లకు నల్ల ప్లేటు మీద తెల్ల అంకెలు రాసేవాళ్లం. తర్వాత అది తిరగబడి తెల్ల ప్లేటు, నల్ల అంకెలు అయింది. దసరాకి బండి పూజ ముందు వారం రోజులూ నాకు అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు. చీపురుపల్లి, గంట్యాడ, నెల్లిమర్ల, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి వరసలో నిలబడేవారు. ఈ ఉత్తరం మాత్రం కొత్త ప్లేట్ల గురించి కాదు. పని అయిపోయిన ప్లేట్ల గురించి.

గత కార్తీకమాసంలో ఒక సోమవారం పొద్దున్న ఇరవై ఏళ్ల కుర్రాడొకడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. సంచిలోంచి ఒక ప్లేటు తీసి, "బాబాయ్, అంకెలు వెలిసిపోయాయి, కాస్త నలుపు దిద్దిస్తావా" అన్నాడు. ప్లేటు చేతిలోకి తీసుకోగానే నా గుండె ఆగినంత పనైంది. అది నేను రాసిన ప్లేటు. పైన గీత అడ్డంగా, బల్లపరుపుగా ఉండే మూడు అంకె ఈ ఊళ్లో ఎవరూ అలా రాయరు. మా మేనమామ రాసేవాడు, ఆయన తర్వాత నేను.

అది ఎవరి ప్లేటో కూడా నాకు గుర్తుంది. దాసన్నపేటలో ఉండే లెక్కల మాస్టారిది. రాయించుకున్న రోజు ఆయన స్కేలు వెంట తెచ్చుకున్నారు. వెనక ప్లేటు మీద అక్షరాలు 35 మిల్లీమీటర్లు, అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలని రూలు ఉందని చెప్పి, నేను పెన్సిలు గీత గీశాక కొలిచి చూసి, అప్పుడు బ్రష్ పెట్టనిచ్చారు. అలాంటి మనిషిని ఎలా మరిచిపోతాం? ఆయన పోయి మూడేళ్లు దాటింది.

"బండేది నాయనా?" అని అడిగాను. ఫ్రెండు దగ్గర ఉందన్నాడు. ఏ బండి అంటే, నల్ల స్ప్లెండర్ అన్నాడు. మాస్టారిది కూడా నల్ల స్ప్లెండరే. ఆర్‌సీ చూపించమంటే ఫోనులో ఉంది, చార్జింగ్ లేదు అన్నాడు. బండీ ఆర్‌సీ తెస్తేనే రాస్తానని చెప్పాను. నా చేతిలోంచి ప్లేటు లాక్కుని వెళ్లిపోయాడు. నా బల్ల కిందే రేకు కత్తెర ఉంది. ఆ ప్లేటు నా చేతిలో ఉన్నప్పుడే రెండు ముక్కలు చేసి ఉండాల్సింది. ఆ క్షణానికి తోచలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆ సాయంత్రమే మాస్టారి ఇంటికి వెళ్లాను. అమ్మగారు చెప్పింది వింటే ఆవిడ తప్పేమీ కనిపించలేదు. బండి ఏడాదిగా వసారాలో తుప్పు పడుతోంది, వీధిలోకి వచ్చిన పాత ఇనప సామాన్లాయనకి తూకానికి ఇచ్చేశారు. ప్లేట్లు బండికే ఉన్నాయి. ఆర్‌సీ మాత్రం ట్రంకు పెట్టెలో మాస్టారి ఫోటోల కింద భద్రంగా ఉంది. "బండి పనికిరాదని తెలుసు గానీ, ప్లేటు పనికొస్తుందని మాకెవరు చెప్పారు బాబూ?" అన్నారు ఆవిడ. ఆ మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత ప్లేటుతో ఎవరికి ఏం పని అని చాలామంది అడుగుతారు. ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతాను. దొంగ బండికి నంబరు కావాలంటే ఏ రేడియం షాపులోనైనా ఏదో ఒక నంబరు కోయించుకోవచ్చు. కానీ కొత్త స్టిక్కరు మీద పోలీసు చూపు పడుతుంది. పదేళ్లు ఎండకీ వానకీ వెలిసిన పెయింటు, స్క్రూల చుట్టూ తుప్పు, అంచున చిన్న సొట్ట ఉన్న ప్లేటును ఎవరూ రెండోసారి చూడరు. ఆపి ఫోనులో నంబరు కొట్టి చూసినా అదే కంపెనీ, అదే మోడలు అని వస్తుంది. మోడలూ రంగూ కలిసే ప్లేటు కోసమే తుక్కు కుప్పలు వెతుకుతారు.

ఇంకో సంగతి ఉంది. తిరుగుతున్న బండి నంబరు వాడితే ఏదో ఒక రోజు బయటపడుతుంది. గజపతినగరం నుంచి నా దగ్గరికి వచ్చే కూరగాయల వ్యాపారికి అలాగే జరిగింది. ఆయన ఎప్పుడూ వెళ్లని ఊళ్లో హెల్మెట్ లేదని చలానా పడింది. ఫోటో తెరిచి చూస్తే నంబరు ఆయనదే, బండి మాత్రం వేరేది. వెంటనే ఫిర్యాదు రాసి ఇచ్చారు. చలానా వస్తే డబ్బు కట్టేసే ముందు ఫోటో చూడాలని అందరికీ చెబుతున్నాను. కానీ చచ్చిపోయిన బండి నంబరు వాడితే అడిగేవాడెవడు? చలానా ఏ ఫోనుకి వెళుతుంది? మాస్టారి ఫోను ఎప్పుడో ఆగిపోయింది. ఆ బండితో ఎవరినైనా గుద్ది పారిపోయినా, ఒడిశా సరిహద్దు దాటించి గంజాయి మోసినా, చివరికి పోలీసులు వచ్చేది ఆ తుక్కు కొన్నవాడి దగ్గరికి కాదు, మాస్టారి గుమ్మంలోకే.

మాస్టారి అబ్బాయి విశాఖ నుంచి వచ్చాడు. ప్లేటు సంగతి స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకున్నాం. రిజిస్ట్రేషన్ రద్దుకి కూడా దరఖాస్తు పెట్టాడు. బండి ఇక పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రవాణా ఆఫీసుకి తెలియజేసి ఆర్‌సీ పంపాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్‌లో ఉందట. ఓనరు చనిపోతే ఇంట్లోవాళ్లు 30 రోజుల్లో ఆ కబురు ఆఫీసుకి చెప్పి, మూడు నెలల్లో బండి తమ పేరుకి మార్చుకోవాలని కూడా రూలు ఉందట. దినకార్యాలు, పింఛను కాగితాలు, బ్యాంకు పనులు, వీటి మధ్య వసారాలో ఉన్న బండి ఎవరికి గుర్తొస్తుంది? ఇప్పటిదాకా ఆ ఇంటికి ఏ నోటీసూ రాలేదు. అయినా గేటు చప్పుడైతే అమ్మగారికి టెన్షనే.

తర్వాత ఆదివారం నేనే ఊరి చివర ఒక తుక్కు కొట్టుకి వెళ్లాను. మూలన గోనెసంచిలో ప్లేట్లు కనిపించాయి. ఓనరు మంచివాడు. సంగతి చెప్పగానే, "నాకు రేకు బరువుతో పని, అంకెలతో ఏం పని, కోసుకో" అన్నాడు. నీడలో కూర్చుని మధ్యాహ్నం దాకా కోస్తూనే ఉన్నాను. 64 ప్లేట్లు. అందులో 11 నా చేతిరాతవి. ఏపీ 30వి, 31వి, 35వి, ఒడిశావి రెండు. నేను గీత గీసి, ప్రైమరు వేసి, ఆరబెట్టి రాసిన అంకెలను నేనే కోయడం బాధగానే ఉంది. మాస్టారి ప్లేటు ఆ కుప్పలో లేదు.

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బళ్లకి షోరూం నుంచే హై సెక్యూరిటీ ప్లేటు వస్తోంది. అల్యూమినియం రేకు, ఎడమ పక్క పైన అశోక చక్రం హోలోగ్రాం, కింద లేజరుతో చెక్కిన నంబరు, ఒకసారి బిగిస్తే పగలగొడితే తప్ప రాని లాకు. దానివల్ల మా పని చాలా పోయింది. అయినా ఆ ప్లేటు రావాల్సిందే అంటాను, ఎందుకంటే దానిని ఊడదీసి ఇంకో బండికి బిగించడం అంత తేలిక కాదు. సమస్యంతా అంతకు ముందు బళ్లతో, వాటి మీద ఉన్న మా చేతిరాత ప్లేట్లతో. పాత ప్లేటును అప్పగించి, దాన్ని నాశనం చేశారని చూసుకున్నాకే కొత్తది వెయ్యాలని కేంద్రం 2001లో ఇచ్చిన ఉత్తర్వులోనే ఉంది. మా అమ్మాయి నెట్‌లో వెతికి నాకు చదివి వినిపించింది. కానీ నా కళ్ల ముందే ఒక చోట కొత్త ప్లేటు బిగించి, పాతది విప్పి ఓనరు చేతిలో పెట్టారు. ఆయన దాన్ని బండి వెనక సీటుకి కట్టుకుని వెళ్లిపోయాడు. ఓనరు ఎదుటే ఆ ప్లేటును రెండుగా కోయడానికి ఒక్క నిమిషం పడుతుంది. రవాణా శాఖ అధికారులు ఆ ఒక్క నిమిషం తప్పనిసరి చెయ్యాలని మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

నాతో పాటు బ్రష్ పట్టేవాళ్లకీ, రేడియం కోసే తమ్ముళ్లకీ ఒక మాట. బండి ఎదురుగా లేకుండా, ఆర్‌సీ చూడకుండా నంబరు రాయకండి. యాభై, వంద కోసం ఎవరి పేరు మీద కేసు పడుతుందో మనకి తెలియదు.

ఇంట్లో పాత బండి ఉన్నవాళ్లు తూకానికి ఇచ్చే ముందు ప్లేట్లు రెండూ విప్పుకోండి. ముందు ఆర్‌సీతో కలిపి ఫోటో తీసుకోండి. కేసో, ఇన్సూరెన్సు క్లెయిమో నడుస్తుంటే మాత్రం అది తేలేదాకా ప్లేటు కోయకండి, దాచి ఉంచండి. అలాంటివేమీ లేకపోతే రేకు ప్లేటును అడ్డంగా కాదు, అంకెల మధ్యగా ఐమూలగా కోయండి, ఏ ముక్కలోనూ పూర్తి నంబరు మిగలకూడదు. ప్లాస్టిక్ ప్లేటైతే గోనెలో చుట్టి సుత్తితో పగలగొట్టండి. కాల్చొద్దు, ఆ పొగ పీల్చకూడదు. ముక్కలన్నీ ఒకే చోట వెయ్యకండి. ముందు మడ్‌గార్డు మీద రాసిన నంబరును చాలామంది మరిచిపోతారు. ఉప్పుకాగితంతో రుద్ది, మీద ఏదో ఒక రంగు పూయండి.

కత్తెర లేనివాళ్లు, చేతకాని పెద్దవాళ్లు నా దగ్గరికి తీసుకురండి. ఆర్‌సీ చూపిస్తే మీ ఎదురుగానే కోసి ముక్కలు మీకే ఇస్తాను. పైసా తీసుకోను. పొద్దున్న తొమ్మిది నుంచి చీకటి పడేదాకా అక్కడే ఉంటాను. ఆదివారాలు మాత్రం తుక్కు కొట్లకి వెళుతున్నాను.

ఇట్లు,
ఒక నంబరు ప్లేట్ల పెయింటరు,
విజయనగరం