ఫైళ్ల పేర్లు మార్చే పని గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో వచ్చే కంప్యూటర్ చిట్కాలు వదలకుండా చదువుతాను, కానీ అన్నీ ఫోన్ల గురించి, కొత్త యాప్‌ల గురించే ఉంటున్నాయి. స్కూలు ఆఫీసుల్లో, ఫొటో స్టూడియోల్లో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే మాలాంటి వాళ్లను విసిగించే పని ఒకటుంది. వందల ఫైళ్లకు పేర్లు మార్చడం.

నేను ఒక స్కూలు ఆఫీసులో పని చేస్తున్నాను. ఐడీ కార్డుల కోసం ఏటా పిల్లలకు ఫొటోలు తీయిస్తాం. కెమెరా వాటికి డీఎస్‌సీ_0001, డీఎస్‌సీ_0002 అని పేర్లు పెడుతుంది, మాకేమో ప్రతి ఫొటోకీ అడ్మిషన్ నంబరు పేరుగా ఉండాలి. నాలుగు వందల పైచిలుకు ఫొటోలకు ఎఫ్2 నొక్కడం, నంబరు కొట్టడం, ఎంటర్ నొక్కడం... రెండు రోజులు పట్టేది, మెడ పట్టేసేది. విండోస్‌లో అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి పేరు మారిస్తే అన్నిటికీ ఒకటే పేరు వచ్చి పక్కన బ్రాకెట్లో 1, 2, 3 పడతాయి తప్ప ఎవరి నంబరు వాళ్లకు రాదు.

ఇప్పుడు ఇదే పని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో అరగంటలో అవుతోంది, అది టెక్స్ట్ రాసుకునే, దిద్దుకునే ప్రోగ్రాం, ఉచితం కూడా. ఫోల్డర్ అడ్రస్ బార్‌లో సీఎండీ అని కొట్టి, వచ్చిన నల్ల విండోలో డీఐఆర్ స్లాష్ బీ అనే కమాండ్‌తో ఫైళ్ల పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లోకి పంపిస్తాను (ఆ టెక్స్ట్ ఫైలు పేరు కూడా లిస్టులో చేరుతుంది, ఆ లైను తీసేయాలి). ఆ పేర్లను ఎక్సెల్లో పెట్టి పక్క కాలమ్‌లో అడ్మిషన్ నంబర్లు వేసి, రెండు కాలమ్‌లూ కాపీ చేసి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో పేస్ట్ చేస్తే పాత పేరు, మధ్యలో ట్యాబ్, కొత్త పేరు వస్తాయి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ప్రతి లైను ముందు పేరు మార్చే ఆర్ఈఎన్ అనే కమాండ్, పేర్లకు అటూ ఇటూ కోట్స్, చివర డాట్ జేపీజీ చేర్చి, అదే ఫోల్డర్లో బ్యాట్ ఫైలుగా (తెరిస్తే లోపలి కమాండ్లన్నీ వరసగా నడిచే ఫైలు) సేవ్ చేసి డబుల్ క్లిక్ చేయడమే.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా రాయండి. మొదటిసారి చేసినప్పుడు ఫొటోలు తీసిన రోజు ఇద్దరు పిల్లలు రాలేదు, రిజిస్టర్లో మాత్రం వాళ్ల నంబర్లు ఉన్నాయి, నేను చూసుకోలేదు. అక్కడి నుంచి కింద ఉన్న నంబర్లన్నీ జరిగిపోయాయి, కార్డులు ప్రింటయ్యాక ఒక తల్లి వచ్చి మా అమ్మాయి కార్డు మీద వేరే అమ్మాయి ఫొటో ఉందండీ అంటే నాకు చాలా బాధేసింది. ఇలా మార్చిన పేర్లను ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చుకోలేం. అందుకని ఇప్పుడు ముందే ఫోల్డర్ కాపీ పక్కన పెట్టుకుంటాను, అయిదు ఫొటోలతో చేసి చూస్తాను, తర్వాత మొదట, మధ్యలో, చివర తెరిచి మొహాలు సరిచూసుకుంటాను. విండోస్ బదులు లినక్స్ వాడే వాళ్లకు వీడిర్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, ఫోల్డర్లోని పేర్లను నేరుగా ఎడిటర్లో చూపిస్తుంది, దిద్ది సేవ్ చేస్తే ఫైళ్ల పేర్లు మారతాయి. కానీ అందులో లైను చెరిపేస్తే ఆ ఫైలే పోతుంది.

కమాండ్‌లు ఉత్తరంలో రాస్తే అర్థం కావడం కష్టం. మీరు స్క్రీన్ బొమ్మలతో ఒక అర పేజీ వేయండి, పిల్లల ఫొటోల ఉదాహరణే తీసుకోండి. స్కూళ్లు తెరిచే జూన్‌లోపు వస్తే ఈ ఏడాదికే పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నరసరావుపేట