పాల ప్యాకెట్లూ విరాళమే: రామాలయం కమిటీ విజ్ఞప్తి

భక్తులకు, ఇరుగుపొరుగు వీధుల వారికి నమస్కారం.

ఈసారి మేము రసీదు పుస్తకంతో మీ గుమ్మం ముందుకు రావడం లేదు, గోనె సంచితో వస్తున్నాం. మీ ఇంట్లో ఖాళీ అయిన పాల ప్యాకెట్లు, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు మాకివ్వండి. వాటిని అమ్మగా వచ్చిన సొమ్ము విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్‌)లో ప్రతి శనివారం మధ్యాహ్నం మనం పెట్టే భోజనానికి చేరుతుంది.

ఆ భోజనం రోగులకు కాదు, వారి వెంట వచ్చినవారికి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, ఒడిశాలోని కొరాపుట్ నుంచి కూడా ఆ పెద్దాసుపత్రికి వస్తారు. వెంట వచ్చిన తల్లో తమ్ముడో చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ మందులకని దాచుకుని, తాము టీతో సరిపెట్టుకుంటారు. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ, అడ్డాకుల విస్తట్లో. అంతకు మించి మేము పెట్టేది లేదు, అది మాత్రం మానలేం. పప్పు, నూనె ధరలు పెరిగినప్పుడల్లా చందా ఇచ్చే ఆ కొద్ది ఇళ్లనే మళ్లీ మళ్లీ అడగడం మాకే మొహమాటంగా ఉంది.

ఈ ఆలోచన మాకు సింహాచలం గిరి ప్రదక్షిణ రాత్రి వచ్చింది. 32 కిలోమీటర్లు నడిచే భక్తులకు మురళీనగర్ దాటాక మన పందిట్లో నీళ్లు, మజ్జిగ ఇస్తాం కదా. తెల్లవారేసరికి పందిరి చుట్టూ కాలు పెట్టే చోటు లేకుండా ఖాళీ సీసాలు. కుర్రాళ్లు వాటిని తొక్కి, సంచుల్లో కుక్కి, పాత సామాన్ల కొట్టులో వేసి, చిల్లరతో సహా లెక్క తెచ్చి అధ్యక్షుల చేతిలో పెట్టారు. పెద్ద మొత్తమేమీ కాదు. ఆ వారం కందిపప్పు దానితోనే కొన్నాం.

ఇక పాల ప్యాకెట్టు సంగతి. అర లీటరు ప్యాకెట్టు బరువు సుమారు 3 గ్రాములు. రోజుకు రెండు వాడే ఇంటి నుంచి నెలకు 60, అంటే 180 గ్రాములు. అదే వంద ఇళ్లు కలిస్తే 18 కిలోలు. ఒక్క ఇంటిది ఊదితే ఎగిరిపోతుంది, వంద ఇళ్లది తూకానికి వస్తుంది. అది ఒకే రకం ప్లాస్టిక్ కాబట్టి కరిగించి గుళికలు చేసి పైపులకు, చెత్త సంచులకు వాడతారు, అందుకే దానికి ధర పలుకుతుంది. 2022 జూలై 1న దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు, స్పూన్ల జాబితాలో పాల ప్యాకెట్టు లేదు. కాబట్టి అది మన ఇళ్లకు వస్తూనే ఉంటుంది.

అమ్మలకు ఒక మనవి. ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా తెంపకండి, వేలాడనివ్వండి. తెగిపడ్డ ముక్క తూముల్లోకే పోతుంది, ఏ సంచిలోకీ రాదు. ఖాళీ ప్యాకెట్టులో గుక్కెడు నీళ్లు పోసి గిలకరించి, ఆ నీళ్లు తులసి కోటలోనో కరివేపాకు మొక్కకో పోసి, ప్యాకెట్టును తిరగేసి ఆరబెట్టండి. కడగకుండా ఇస్తే రెండో రోజుకే వాసన, మూడో రోజుకు చీమలు. మేము వీటిని దాచేది స్వామివారి పల్లకి ఉండే గది పక్కనే!

అట్టపెట్టెలను దయచేసి చించకండి. చెక్కుచెదరని పెట్టెలను కిరాణా కొట్లవాళ్లు, ఇల్లు మారేవాళ్లు మళ్లీ వాడుకోవడానికి తీసుకుంటారు. చిరిగితే తూకానికే పనికొస్తాయి. మన ఊరి ఉప్పుగాలికి అట్ట త్వరగా మెత్తబడుతుంది కనుక బాల్కనీలో పడేసి ఉంచవద్దు. మూత ఉన్న గాజు సీసాలు అమ్మం, వంటశాలలో పోపు దినుసులకు వాడుకుంటాం. చిప్స్ ప్యాకెట్లు మాత్రం వద్దు. ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉండటంతో కొట్టువాడు ముట్టుకోడు. మందుల సూదులు, సీసాలు వద్దు. కోడిగుడ్ల అట్టలు, ఇంకో రకం సీసాలు గుడి దాకా తేకుండా మీరే అమ్ముకోండి!

మరో మాట. అగరుబత్తి డబ్బాల మీద, పాత క్యాలెండర్ల మీద దేవుడి బొమ్మ ఉంటే చెత్తలో వేయడానికి మనసొప్పక రావిచెట్టు మొదట్లో పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్తున్నారు. వానకు నాని, కాళ్ల కింద పడి, ఆ బొమ్మలకు జరిగే మర్యాద రోజూ చూస్తున్నాం. అవి కూడా మాకే ఇవ్వండి. బొమ్మ వరకు కత్తిరించి విడిగా తీసి, మిగతా అట్టను కట్టలో వేస్తాం.

“గుడిలో చెత్త వ్యాపారమా?” అని ఒకరిద్దరు పెద్దలు అడిగారు. అడగడం న్యాయమే. గర్భాలయం వైపు ఒక్క సంచీ రాదు, ఉత్తరం గోడ పక్కన రేకుల షెడ్డులోనే అంతా. ఈ సొమ్మును హుండీ సొమ్ములో కలపం, దీనికి వేరే ఖాతా పుస్తకం. ఎన్ని కిలోలు, ఏ ధరకు, ఎంత వచ్చింది అన్నది ప్రతి నెల మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద రాస్తాం. మీ వీధికి వచ్చే పాత సామాన్ల బండివాడి పొట్ట కొట్టే ఉద్దేశమూ లేదు. వారానికోసారి షెడ్డుకు వచ్చి తూచుకుని వెళ్లమని అతనికే చెప్పాం.

నగదు ఇవ్వదలచినవారు ఇవ్వవచ్చు, రసీదు ఇస్తాం. బియ్యం, పప్పు కూడా సంతోషంగా పుచ్చుకుంటాం.

తొలి సేకరణ వచ్చే ఆదివారం ఉదయం 7 నుంచి 10 గంటల వరకు. మెట్లు దిగలేని పెద్దవారు అర్చకులకు ఒక మాట చెప్పి పంపితే కుర్రాళ్లే మీ ఇంటికి వస్తారు. సంచి మేము తెస్తాం, ప్యాకెట్లు ఆరబెట్టి ఉంచండి.

ఇట్లు,
రామాలయం కమిటీ సభ్యులు