ఆదివారం రంభలో పక్షుల ఫొటోలు: కెమెరా కొనబోయేవాళ్లు తప్పక రండి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 5 గంటలకి బరంపురం పాత బస్టాండు దగ్గర కలుద్దాం. అక్కణ్నుంచి చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభకి. ఎండెక్కేలోపే తిరిగొచ్చేద్దాం.

కెమెరా కొనాలనుకునేవాళ్లు ముందు మా కెమెరాలు చేత్తో పట్టుకుని నాలుగు ఫొటోలు తీసి చూడండి. మెగాపిక్సెళ్ల (ఫొటోలో ఎన్ని లక్షల చుక్కలున్నాయనే లెక్క) గురించి టెన్షన్ వద్దు, 12×18 అంగుళాల ప్రింటుకి 24 చాలు. మిగిలిన డబ్బు లెన్సు మీద పెట్టండి. దూరంగా ఉండే పక్షుల్ని దగ్గరగా చూపాలంటే లెన్సు ఫోకల్ లెంగ్తు కనీసం 300 ఎం.ఎం. ఉండాలి.

సెకండ్ హ్యాండ్ లెన్సయితే వెనక నుంచి ఫోను టార్చి వేసి, ముందు నుంచి చూడండి. లోపల సాలెగూడు దారాల్లా తెల్లగా కనబడితే అది ఫంగస్, అంటే బూజు. ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. మన సముద్రపు గాలికి ఫంగస్ త్వరగా పడుతుంది కాబట్టి బ్యాగులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

ఫొటోలు గ్రూపులో డాక్యుమెంటుగానే పంపండి. మామూలుగా పంపితే వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, ఈకల మీది గీతలన్నీ అలుక్కుపోతాయి. తలా 5 ఫొటోలు, కింద షట్టర్ స్పీడు (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో), ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) రాయండి. చూసి నేర్చుకునేవాళ్లకి అదే ముఖ్యం.

పడవ ఎక్కితే పక్షుల గుంపులోకి పోనిమ్మని ఎవరూ అడగొద్దు, దయచేసి. బెదిరి లేస్తే వాటి మేత పాడవుతుంది.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ పేరు పెట్టండి, బళ్లు సర్దాలి. బ్యాటరీ ఛార్జి చేసుకుని, కార్డు ఖాళీ చేసుకుని రండి.